ఈస్నోఫిల్స్ పెరిగితే అన్నీ దుమ్ము వల్లే కాదు

సీబీపీ రిపోర్టు చేతికొస్తే హిమోగ్లోబిన్ చూస్తాం, ప్లేట్‌లెట్లు చూస్తాం. ఈస్నోఫిల్స్ అనే తెల్లకణాలు పెరిగాయంటే మాత్రం ‘దుమ్ము ఎలర్జీ’ అని మనమే తేల్చేసి ఒక సెట్రిజిన్ వేసుకుంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ వారాల తరబడి జ్వరం, కుడి డొక్కలో నొప్పి, ఒంటిమీద దద్దుర్లు, స్కానింగ్‌లో లివర్‌పై మచ్చలు ఉండి, ఆ అంకె కూడా బాగా పెరిగి ఉంటే సంగతి వేరు. అప్పుడు డాక్టరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నీళ్లలో పెరిగే ఆకేదైనా పచ్చిగా తిన్నారా?

అడిగేవాళ్లు తక్కువ. అలాంటి ఆకుతో ఒంట్లోకి చేరే పురుగు, కార్జపు జలగ, మన గొర్రెల కాపరులకు, పాడి రైతులకు పాత శత్రువే. దవడ కింద నీరు దిగిన గొర్రెను చూస్తే పశువైద్యుడికి మొదట గుర్తొచ్చే వాటిలో అదొకటి. అదే జలగ మనిషి కడుపులో చేరితే ఎవరికీ తట్టదు. మన దేశంలో మనుషులకు సోకిన కేసులు అక్కడక్కడా బయటపడుతూనే ఉన్నాయి.

పేడతో పాటు జలగ గుడ్లు చెరువులో పడతాయి. వాటిలోంచి వచ్చిన పిల్ల నత్తలో పెరిగి, బయటికొచ్చి, నీటి మొక్కల ఆకులకు అంటుకుని పైన గట్టి పొర కట్టుకుంటుంది. ఆ ఆకును మనిషి పచ్చిగా తింటే ఆ పిల్ల పేగు గోడ తొలుచుకుని కడుపులోకి, అక్కణ్నుంచి కార్జంలోకి దూరుతుంది. కొన్ని వారాల పాటు కార్జాన్ని తొలుస్తూ పోయి చివరికి పైత్యరస నాళాల్లో స్థిరపడుతుంది. గుడ్లు పెట్టడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది.

చిక్కంతా ఈ మూడు నాలుగు నెలల్లోనే ఉంది. రోగికి బాధ ఎక్కువగా అప్పుడే. మల పరీక్షలో మాత్రం గుడ్డు కనిపించదు. రిపోర్టు ‘నిల్’ అని వస్తుంది. స్కానింగ్‌లో కనిపించే మచ్చలను చీము గడ్డ అనో, క్యాన్సర్ అనో పొరబడతారు. ఈ దశలో పట్టిచ్చేది రక్తంలో యాంటీబాడీల పరీక్షే. ఆ పరీక్ష రాయాలన్న ఆలోచన రావాలంటే ముందు చవకైన సీబీపీని శ్రద్ధగా చదవాలి. ఖరీదైన స్కానింగ్ చూశాక పాత రిపోర్టును పక్కన పడేసే మన అలవాటు మీద నా ఫిర్యాదు ఇదే.

దీనికి తిరగేసిన పొరపాటూ ఉంది. ఆదివారం లివర్ ఫ్రై తిన్నవాళ్లు వినాలి. జలగలున్న మేక కార్జం బాగా ఉడికించి తిన్నా, అందులోని గుడ్లు మన పేగుల గుండా అలాగే బయటికి పోయి మల పరీక్షలో కనిపిస్తాయి. అది జబ్బు కాదు. కొన్నాళ్లు కార్జం మానేసి మళ్లీ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది.

ఇరాన్‌లోని గీలాన్ రాష్ట్రం సంగతి చెప్పుకోవాలి. కాస్పియన్ తీరం, వరి పొలాలు, పశువులు, నత్తలు. అక్కడి వాళ్లు పొలాల గట్ల మీది ఆకులను ఉప్పుతో నూరి పచ్చడిలా తింటారు, పొయ్యి ఎక్కించరు. 1989 ప్రాంతంలో అక్కడ పదివేల మందికి పైగా ఈ జబ్బు పడ్డారు. మనకూ వరి ఉంది, గేదెలున్నాయి, నత్తలున్నాయి. తూటికూరనైనా పొన్నగంటికూరనైనా పొయ్యి మీద పెట్టి గానీ తినకపోవడమే మనల్ని కాపాడింది. ఇప్పుడు పచ్చి ఆకుల జ్యూస్ ప్రచారకులు ఆ పొయ్యినే ఆర్పమంటున్నారు. కాలువ గట్టు ఆకును ఎంత కడిగినా ఆ పొర ఊడుతుందన్న భరోసా లేదు. ఉడికిస్తే లోపలి జలగ పిల్ల చస్తుంది.

మందు విషయంలోనూ తొందర పనికిరాదు. ఇంట్లో పిల్లలకు వేసే నులిపురుగుల మాత్ర, ఆల్బెండజోల్, దీనికి సరిపోదు. తక్కిన జలగ జబ్బుల్లో చాలావాటికి వాడే ప్రాజిక్వాంటెల్ కూడా దీని మీద సరిగా పనిచేయదు. పనిచేసేది ట్రైక్లాబెండజోల్. అమెరికాలో దీనికి 2019లో అనుమతి వచ్చింది. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున, 12 గంటల తేడాతో రెండుసార్లు, భోజనంతో పాటు ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ విరాళంగా అందిన మందును దేశాలకు ఉచితంగా పంపుతుంది. ఇదే మందు పశువుల మందుల షాపులోనూ ఉంటుంది కదా అని సీసా తెచ్చుకుని తాగడం మాత్రం తెలివి కాదు. మందు పడ్డాక చచ్చిన జలగలు నాళానికి అడ్డుపడి నొప్పి, కామెర్లు రావచ్చు. అప్పుడు దగ్గర డాక్టరు ఉండాలి. తర్వాత కొన్ని నెలల పాటు ఈస్నోఫిల్స్ తగ్గుతున్నాయో లేదో చూసుకోవాలి. యాంటీబాడీలు నిదానంగా తగ్గుతాయి కాబట్టి అవి కనిపించినంత మాత్రాన మందు పనిచేయలేదని కంగారు పడక్కర్లేదు.

ఇంట్లో అదే ఆకు తిన్న మిగతావాళ్లకు ఏ బాధా లేకపోయినా పరీక్షలు చేయించాలి.