పేరొక్కటియే మిగిలిన పత్రిక

పత్రికకు నిజమైన పెట్టుబడి ధనము కాదు, పాఠకుని విశ్వాసము. పోయిన ధనమును మరల గూర్చుకొనవచ్చును. పోయిన విశ్వాసమును గూర్చుకొనుట దుర్లభము. అమెరికా దేశపు “న్యూస్‌వీక్” వారపత్రిక చరిత్రమే యిందుకు తార్కాణము.

1933లో స్థాపింపబడిన యీ పత్రికను 1961లో వాషింగ్టన్ పోస్టు సంస్థవారు కొనిరి. ఆ పిమ్మట దాని గౌరవము మిక్కిలి పెరిగెను. 1967 నవంబరులో నల్లజాతివారి దుస్థితిని వర్ణించి యూరకుండక, చేయవలసిన కార్యములను సైతము సూచించుచు ప్రత్యేక సంచికను వెలువరించెను. 1998 జనవరిలో అధ్యక్షుడు క్లింటనుపై వచ్చిన యపవాదమును గూర్చిన వార్త ముందుగా నీ పత్రిక చేతికే చిక్కినది. ఇంకను విచారింపవలసియున్నదని దానిని నిలిపియుంచగా, ఇంటర్నెట్టులో వేఱొకరు ముందు ప్రకటించిరి. ఆ యాలస్యమును మేము పరాజయమనము; అదియే పత్రికాధర్మము.

కాని యప్పటికే పునాది కదలినది. వ్యాసములలోని విషయములను సరిచూచుటకై యేర్పడిన శాఖను 1996లోనే తీసివేసిరి. అందు పనిచేయువారి పేర్లు పాఠకు డెఱుగడు. వారు లేని లోటు మఱునాడే కానరాదు. కావుననే పొదుపు చేయనెంచిన యజమానుల దృష్టి తొలుత నట్టివారిపై బడును.

2005 మే నెలలో, పేరు వెల్లడింపని యొక యధికారి మాటను నమ్మి, గ్వాంటనామో చెఱసాలలో ఖురాను గ్రంథమున కవమానము జరిగినట్లు ప్రభుత్వ విచారణలో తేలినదని ప్రకటించిరి. పిమ్మట ఆఫ్ఘనిస్థానమున నల్లర్లు చెలరేగి పలువురు మరణించిరి. పత్రికవారు వార్తను ఉపసంహరించుకొనిరి. ఆ యల్లర్లకు వేఱు కారణములును ఉండవచ్చును. కాని ధ్రువపడని మాట యెండుగడ్డిపై నిప్పురవ్వ యగుట నిజము.

2010లో నీ పత్రిక యొక్క డాలరు వెలకు, అప్పులతో గూడ, చేతులు మారెను. 2012 ఆగస్టులో అధ్యక్షుడు ఒబామాను ఖండించు ముఖ్యవ్యాసమున తప్పులున్నవని విమర్శలు రాగా, సత్యాసత్యములకు రచయితలనే నమ్ముకొనియున్నామని పత్రికవారు బదులిడిరి. ఆ యేడు డిసెంబరు 31వ తేది సంచికతో అచ్చు నిలిచెను. 2014లో మరల నచ్చు మొదలిడి, తొలి సంచికలోనే బిట్‌కాయిన్ సృష్టికర్తను కనుగొంటిమని చాటిరి. ఆ పేర్కొనబడిన వ్యక్తి తాను కానని నిరాకరించెను.

ప్రకటనల రాబడి ఇంటర్నెట్టునకు తరలుటవలన దెబ్బ తగిలినదను వాద మసత్యము కాదు. ఆ గాలి యన్ని పత్రికలపైనను వీచినది. పేదఱికము తప్పు కాదు. పుటలు తగ్గింపవచ్చును, బొమ్మలు మానవచ్చును. సరిచూచువానిని సాగనంపుట మాత్రము తగదు.

పాఠక మహాశయులకు మా మనవి యొక్కటియే. వార్త యెంత వేగముగా వచ్చినదని గాక, దాని నెవరు సరిచూచిరని యడుగుడు. అడుగువా రున్నంతకాలము యజమానులు వెనుదీయుదురు. అడుగువారు లేనినాడు ముఖపత్రము మెఱయుచునే యుండును. లోపల పత్రిక యుండదు.