రైల్వే కార్మికుని పరిహారము: హక్కా, దయయా?

ఉర్దూ, తెలుగు భాషలు రెండును ప్రక్కప్రక్కనే వినిపించు మన కళాశాలలో ‘హక్కు’ అను మాటకు అర్థము చెప్పవలసిన పని లేదు. ఉర్దూ వారికది సొంత మాట. తెలుగువారు దానిని ఏనాడో తమ ఇంటి మాటగా చేసికొనిరి. ‘ఖైరాత్’ అనగా దానమనియు మనకు తెలియును. ఈ రెండింటి నడుమ దూరమెంతయో, పనిలో కాలో చేయో పోగొట్టుకొన్న రైల్వే కూలికి మనకంటె బాగుగా తెలియును.

రైలుమార్గముపై పని యనగా ప్రమాదముతో కాపురమే. కంకర సరిచేయువాడు, స్లీపరు మార్చువాడు, షంటింగు వేళ పెట్టెల నడుమ దూరి కప్లింగు తగిలించువాడు ఒక్క క్షణపు ఏమరుపాటుకు అవయవమునో ప్రాణమునో మూల్యముగ చెల్లింతురు. ఇట్టి కార్మికుల కొరకే 1923లో వర్క్‌మెన్ పరిహార చట్టము వచ్చినది. 1924 జూలై 1 నుండి అమలైనది. 2025 నవంబరు 21 నుండి దాని స్థానమున సామాజిక భద్రతా స్మృతి అమలులోనికి వచ్చినను మూలసూత్రము మారలేదు. పనిలో ఉండగా, పని కారణముగ ప్రమాదము సంభవించినచో యజమాని పరిహారమియ్యవలెను. యజమాని తప్పు చేసినాడని కార్మికుడు నిరూపింపనక్కరలేదు.

అమెరికాలో మార్గము వేరు. అచట అంతర్రాష్ట్ర రైల్వే కార్మికుల కొరకు 1908లో చేసిన ఫెడరల్ చట్టము ప్రకారము గాయపడినవాడు కంపెనీ నిర్లక్ష్యమును నిరూపింపవలెను. ఆ నిర్లక్ష్యము ప్రమాదమునకు ఏ కొంచెము కారణమైనను చాలునని 1957లో అచటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కార్మికుని తప్పు కొంత ఉన్నచో ఆ మేరకు సొమ్ము తగ్గును. కాని ఆ చట్టమున గరిష్ఠ పరిమితి లేదు. మన కార్మికునికి నిరూపణ భారము తక్కువ. సొమ్మునకు మాత్రము హద్దు కలదు.

హద్దున్నను ఆ సొమ్ము పేదయింటికి చిన్నది కాదు. 1923 చట్టము క్రింద 2020 జనవరి 3 నుండి నెలవేతనమును 15,000 రూపాయల వరకు లెక్కలోనికి తీసికొనిరి. ఆ వేతనము గల 30 ఏండ్ల కార్మికుడు మరణించినచో, అందు సగమును 207.98తో గుణింపగా 15,59,850 రూపాయలగును. సకాలమున చెల్లింపనిచో 12 శాతము వడ్డీయు, అకారణ జాప్యమునకు 50 శాతము వరకు అదనపు సొమ్మును చట్టము విధించినది.

కూలి అజాగ్రత్తకు రైల్వే సొమ్ము చెల్లించుట న్యాయమా యని అడుగువారు కలరు. స్లీపరు అరిగినచో క్రొత్తది వేయు ఖర్చు మార్గపు ఖర్చే కదా! మనిషి చేయి తెగినప్పటి ఖర్చును ఆ లెక్కలోనిదే యని మా అభిప్రాయము.

ఇంత స్పష్టమైన చట్టముండగా హక్కు ఎచట తప్పిపోవుచున్నది? తప్పెవరిదని చట్టము అడుగదు గాని, “నీవెవరి పనివాడవు? నీ జీతమెంత?” అని అడుగును. ఖాయపు ఉద్యోగికి సర్వీసు పుస్తకము సాక్ష్యమిచ్చును. గుర్తింపు కార్డు గాని జీతపు రసీదు గాని లేని కాంట్రాక్టు కూలి పేరు మేస్త్రీ నోటుపుస్తకములో మాత్రమే ఉండును. ప్రమాదము జరిగిన మరునాడు అచటను ఉండకపోవచ్చును. అప్పుడు కొంత నగదు చేతిలో పెట్టి కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొందురు. ఇంటివారు దానిని దయయని భావించి దణ్ణము పెట్టుదురు. హక్కు ఖైరాతుగ మారు ఘడియ అదియే.

హక్కును వదలుకొను అట్టి ఒప్పందము చెల్లదని 1923 చట్టమే చెప్పినది. కాంట్రాక్టరు తెచ్చిన కూలికైనను, ఆ పని తనదైనపుడు ప్రధాన యజమానియగు రైల్వే బాధ్యత వహింపవలెను. పిదప కాంట్రాక్టరు నుండి రాబట్టుకొనవచ్చును. ఈ సంగతి వ్రేలిముద్ర వేయువానికి ఎవరు చెప్పుదురు?

మేము కోరునవి రెండు. పట్టాలపై అడుగిడు ప్రతి కాంట్రాక్టు కూలికిని గుర్తింపు కార్డు, బ్యాంకు ద్వారా జీతము ఉండవలెను. అవి చూపనిదే కాంట్రాక్టరు బిల్లు మంజూరు కారాదు. ఇది రైల్వే చేయవలసిన పని. రెండవది మనది. వారమునకొక సాయంకాలము కళాశాలలో ఒక గదిని అర్జీల కొరకు తెరువవలసినదిగ కమిటీ వారిని ప్రార్థించుచున్నాము. పారిశ్రామిక కార్మికులకును స్త్రీలకును ఉచిత న్యాయసహాయము నిచ్చు 1987 నాటి చట్టము కలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవు దారి చూపుటకు, ఉర్దూలో విన్న కష్టమును తెలుగులో అర్జీగ వ్రాయుటకు మన విద్యార్థులకంటె తగినవారెవరు? వారిలో ఒక్కడు సమయమునకు ఆ ఇంటికి చేరినను, వ్రేలిముద్ర పడకముందే ఆ కాగితమును చదివి వినిపించువాడు దొరకినట్లే.