పాఠశాల కుళాయికి నిర్వహణ నిధి

జంషెడ్‌పూర్‌లోని సీతారాండేరా వంటి పేటలు సువర్ణరేఖా నదికి చేరువలో ఉన్నాయి. ఉక్కు కర్మాగారంలో పనికై తరలివచ్చిన అనేక తెలుగు కుటుంబాలకు ఈ పట్టణమే స్వస్థలమైంది. పట్టణ అవసరాలకు దల్మా కొండల పాదంలోని డిమ్నా జలాశయం ఉంది. పట్టణం దాటిన తరువాత గ్రామీణ పాఠశాలకు చిరకాలం ఆధారమైనది చేతిపంపు. ఆ చేతిపంపు చరిత్ర నేటి దాతలకు, బ్యాంకులకు ఒక పాఠం.

1966-67లో నాటి బీహారును తీవ్రమైన కరవు పీడించినప్పుడు యూనిసెఫ్ సంస్థ గట్టి రాతినేలను తొలిచే యంత్రాలను రప్పించింది. బోర్లు పడ్డాయి. కాని ఒక కుటుంబం వాడకానికి తగిన పోత ఇనుప పంపులు ఊరంతటి వాడకాన్ని తట్టుకోలేక విరిగిపోయాయి. మహారాష్ట్రలోని షోలాపూర్‌లో స్వచ్ఛంద సేవకులు దృఢమైన ఉక్కు పంపును రూపొందించారు. దాని ఆధారంగా 1970వ దశకంలో యూనిసెఫ్, భారత ప్రభుత్వం, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కర్మాగారం కలసి ‘ఇండియా మార్క్-2’ పంపును తీర్చిదిద్దాయి. తరువాత అది ఆఫ్రికా దేశాలకు కూడా చేరింది.

ఈ విజయానికి కారణం ధనసహాయం ఒక్కటే కాదు. ఆ పంపును ఇక్కడే తయారు చేయవచ్చు, ఇక్కడి మనిషే మరమ్మతు చేయవచ్చు. అంతర్జాతీయ సేవాసంస్థల సహకారాన్ని ఈ గీటురాయి మీదనే పరీక్షించాలి.

చేతిపంపు కంటే కుళాయి నీటికి బాధ్యత ఎక్కువ. మోటారు, ట్యాంకు, గొట్టాలు, విద్యుత్ బిల్లు అన్నీ చూసుకోవాలి. ఫ్లోరైడును తొలగించడానికి 1970వ దశకంలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ‘నల్గొండ పద్ధతి’ మన ఎరుకలోనిదే. పటిక, సున్నం మోతాదును నిత్యం సరిచూచేవారు లేనిచోట ఎంత మంచి పద్ధతి అయినా నిష్ప్రయోజనమే. ప్రారంభోత్సవం నాటి శిలాఫలకం నిలిచి, మోటారు కాలిపోతే, బిందె పట్టుకొని వెళ్లేది సాధారణంగా ఆడపిల్లలే. పోయేది వారి చదువే.

పాఠశాలకు త్రాగునీరు సమకూర్చడం ప్రభుత్వ బాధ్యత కాదా అని కొందరు ప్రశ్నించవచ్చు. నిస్సందేహంగా ప్రభుత్వ బాధ్యతే. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆ విషయాన్ని స్పష్టం చేసింది. జల్ జీవన్ మిషన్ కింద 2020 అక్టోబరు 2న పాఠశాలలకు, అంగన్‌వాడీలకు కుళాయి నీటికై ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. ఆ బాధ్యత నుండి ప్రభుత్వాన్ని తప్పించరాదు. అయితే చిన్న మరమ్మతుకై పిల్లలు నెలల తరబడి వేచి ఉండరాదు.

కనుక దాతలు తాము ఇచ్చే మొత్తంలో కొంత భాగాన్ని పాఠశాల యాజమాన్య కమిటీ పేరిట మదుపు ఖాతాలో ఉంచాలి. దానిపై వచ్చే వడ్డీ మరమ్మతులకు వినియోగం కావాలి. జమాఖర్చులను గ్రామసభలో చదివి వినిపించాలి. 1992లో నాబార్డు ప్రారంభించిన బ్యాంకు అనుసంధానం ద్వారా లెక్కలు నేర్చిన స్వయం సహాయక సంఘాల మహిళలు ఈ పర్యవేక్షణకు ఎంతో తగినవారు. గ్రామ యువకులకు మోటారు మరమ్మతులో శిక్షణ ఇస్తే వారికి ఉపాధి, బడికి భరోసా లభిస్తాయి.

చిన్న పట్టణాలలో, గ్రామాలలో పాఠశాలలకు, త్రాగునీటి వసతులకు ఇచ్చే రుణాలను పరిమితికి లోబడి రిజర్వు బ్యాంకు 2015లో ప్రాధాన్యతా రంగంలో చేర్చింది. గ్రామీణ శాఖల అధికారులు ఈ అవకాశాన్ని గ్రామ పెద్దల దృష్టికి తేవాలి. కుళాయిని అమర్చే చేయి ఏ దేశానిదైనా కావచ్చు. దానిని కాపాడే చేయి మాత్రం ఆ ఊరిదే కావాలి.