బీప్‌కు బెదిరే బంటు

కొత్త ఇన్వర్టర్ వచ్చాక మా పై ఫ్లాట్ వారింట్లో కరెంటు పోయినా ఫ్యాన్లు ఆగడం లేదు. వాళ్ల లాబ్రడార్‌కే నిద్ర కరవైంది. బ్యాటరీ తగ్గి ఇన్వర్టర్ 'బీప్' అంటే చాలు, మంచం కిందకు దూరి వణుకుతోంది. దీపావళి బాంబులకు బెదరంది దీనికి బెదరడమేమిటని ఇంటాయన ఒకటే నవ్వు.

ఆ నవ్వు ఆయనొక్కరిదే కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్) పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో 386 మంది కుక్కల యజమానులను ప్రశ్నించారు, కుక్కల వీడియోలూ చూశారు. వాక్యూమ్ క్లీనర్ లాంటి ఏకధాటి రొద కన్నా, బ్యాటరీ అయిపోయిన పొగ అలారంలా ఆగి ఆగి వచ్చే సన్నని కూతలే కుక్కలను ఎక్కువ కంగారు పెడతాయని తేలింది. వీడియోల్లోని యజమానుల్లో అత్యధికులు జాలిపడకపోగా నవ్వుకున్నారు. వణికితే సరే, భయమని తెలుస్తుంది. పెదాలు నాక్కోవడం, రొప్పడం, తల పక్కకు తిప్పుకోవడం, బిగుసుకుపోవడం కూడా భయమేనని చాలామందికి తట్టదు.

మన ఇళ్లలో పొగ అలారాలు అరుదు. ఆ లోటును ఇన్వర్టరూ, వాషింగ్ మెషినూ, మైక్రోవేవూ శక్తివంచన లేకుండా తీరుస్తున్నాయి.

అసలు చిక్కు మనకు వినిపించని వాటితో. మనిషి చెవి దాదాపు 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. కుక్కకు సుమారు 45 వేలు, పిల్లికి 64 వేల దాకా వినిపిస్తుంది. ఎలుకలను తరిమేస్తుందంటూ బజారులో అమ్మే అల్ట్రాసోనిక్ ప్లగ్గు కూసేది ఆ మధ్యలోనే. ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే దాన్ని పీకేసి, పాత ఎలుకల బోను అటక మీంచి దించుకోవడం మేలు.