ఉర్దూ పుస్తకాలు లేవండీ

గ్రంథాలయం మీద ఎవరు రాసినా గుడితో మొదలుపెడతారు. సరస్వతీ నిలయం అంటారు, జ్ఞానమందిరం అంటారు. నేను బల్లతో మొదలుపెడతాను. పుస్తకానికీ చదివేవాడికీ మధ్య ఒక బల్ల ఉంటుంది. బల్లకి అవతల కూర్చున్న మనిషి తలెత్తి చూస్తాడు. ఆ చూపు ఎలా ఉంటుందో మాకు తెలుసు. మీకు తెలీదు. మిమ్మల్ని ఎవరూ అలా చూసి ఉండరు.

పేరు అడుగుతారు. చెప్తాం. అప్పటిదాకా మామూలుగా ఉన్న గొంతు మారిపోతుంది. అది కోపం కాదు, తిట్టు కాదు. తిట్టినా బాగుండేది, తిరిగి నాలుగు తిట్టి బయటికొచ్చేవాళ్ళం. కొంచెం జాలి కలిపి, ఎంతో మర్యాదగా అంటారు: "ఉర్దూ పుస్తకాలు లేవండీ."

ఉర్దూ ఎవరడిగారు?

మాది ఉప్పాడ. మా ఇంట్లో పోట్లాట తెలుగులో, ఏడుపు తెలుగులో, బేరం తెలుగులో. మా నానీ నమాజు చదివేది అరబ్బీలో. చదివి లేచాక అల్లాకి మొరపెట్టుకునేది మాత్రం తెలుగులోనే. అమ్మీ, అబ్బా, సలాం, దువా లాంటి పది మాటలు ఇంట్లో తిరుగుతుంటాయి. ఉర్దూ లిపి చదవగలిగినవాళ్ళని మా వాళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేను అడిగింది ఒక తెలుగు నవల. రచయిత పేరు కూడా చెప్పాను. అయినా నా పేరు ముందు వినబడింది, నవల పేరు వినబడలేదు.

ఏ ఊరి గ్రంథాలయమో చెప్పను. చెబితే ఆ ఒక్క ఊరికీ నోటీసు వెళ్తుంది, మిగతా ఊళ్ళు చేతులు కడుక్కుంటాయి. అలాంటి బల్లలు గోదావరి జిల్లాల్లో నేను నాలుగు చూశాను.

ఉర్దూ అడిగితే మాత్రం తప్పేముంది? 2022లో రాష్ట్రమంతటా ఉర్దూని రెండో అధికార భాష చేశారు. చేశాక కూడా అదే మాట: లేవండీ. అంటే ఉర్దూ అడిగేవాడికి ఉర్దూ లేదు, తెలుగు అడిగేవాడికి తెలుగు లేదు. రెంటికీ చెడ్డ రేవడి ఎవడో సామెత చెప్పేవాళ్ళకి తెలుసు.

ఇక ఆ బల్ల మీద మాటలు చూడండి. సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలి. డిపాజిట్టు కడితే రసీదు ఇస్తారు. ఎవరైనా హామీ ఉండాలి. తారీఖు దాటితే జరిమానా. పాత బాకీ ఉంటే వసూలు. కూర్చోడానికి కుర్చీ, రాసుకోడానికి కాగితం, కలం. ఆ బల్ల వెనక కూర్చున్నాయన గుమాస్తా. బయట బోర్డు మీద రాసి ఉంటుంది, జిల్లా గ్రంథాలయ సంస్థ అని. ఈ మాటల్లో చాలావరకు అరబ్బీ, ఫార్సీల నుంచి ఉర్దూ మీదుగా వచ్చి తెలుగులో కాపురం పెట్టినవే. బోర్డులో మొదటి మాట మాది. ఆ మాటలకి ఎవరూ హామీ అడగలేదు. మా మాట తెలుగైపోయింది, మేం ఇంకా కాలేదు.

ఉప్పాడ పేరు దేశానికి తెలిసింది జాందానీ చీర వల్ల. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జాందానీ ఫార్సీ మాట. ఢాకా మగ్గాల మీద, మొగలుల కాలంలో వెలిగిన నేత అది. పెళ్ళికి జాందానీ కట్టుకుని ముత్తయిదువులు మురిసిపోతారు. దాన్ని పరాయి చీర అని ఎవరూ అనరు, అనకూడదు కూడా. మనిషి దగ్గరికొచ్చేసరికే మీకు పుట్టుపూర్వోత్తరాలు గుర్తొస్తాయి.

ఉప్పాడ నుంచి పిఠాపురం ఎంతో దూరం లేదు. అక్కడ ఉమర్ అలీషా అని ఒక కవి ఉండేవాడు. 1885లో పుట్టి 1945లో పోయాడు. సూఫీ పీఠానికి అధిపతి. ఛందస్సు పట్టుబడ్డ తెలుగు కవి. ఉమర్ ఖయ్యాం రుబాయీలని ఇంగ్లీషు మీదుగా కాకుండా ఫార్సీ నుంచి నేరుగా తెలుగు చేశాడు. కేంద్ర శాసనసభకి ఎన్నికై ఢిల్లీలో కూర్చున్నాడు. అనసూయ మీద నాటకం రాశాడు, చంద్రగుప్తుడి మీద నాటకం రాశాడు.

ఆయన పుస్తకం కోసం ఒక గ్రంథాలయంలో తెలుగు సాహిత్యం బీరువాలన్నీ వెతికాను. దొరకలేదు. లేదనుకుని వెళ్ళిపోతుంటే వేరే గదిలో మతం బీరువాలో కనబడింది. వీపు మీద పెన్సిలుతో 297 అని రాసి ఉంది. డ్యూయీ పద్ధతిలో 297 అంటే ఇస్లాం. తెలుగు సాహిత్యానికి 894.827. పుస్తకం తెరిచి చూస్తే అది చంద్రగుప్తుడి నాటకం! చంద్రగుప్తుడు కలిమా చదివింది ఆ గదిలోనే అన్నమాట. ఎవరో ఒకరు అట్ట చూశారు, కవి పేరు చూశారు, అంకె వేసేశారు. లోపల ఒక్క పేజీ తిప్పి ఉంటే చాలు.

నవ్వొస్తుంది కదూ. నాకూ వచ్చింది. ఆ తర్వాత ఒక సంగతి తట్టి నవ్వు ఆగిపోయింది. పదో తరగతి కుర్రాడు తెలుగు కవులెవరెవరని ఆ బీరువాల ముందు నిలబడితే వాడికి ఉమర్ అలీషా కనబడడు. తెలుగులో సాయిబులెవరూ రాయలేదనుకుంటాడు. పెద్దయి మేష్టారవుతాడు, పిల్లలకి అదే చెబుతాడు. మమ్మల్ని తెలుగులోంచి తీసెయ్యడానికి తగాదాలు అక్కర్లేదు, ఒక పెన్సిలు చాలు.

ఈ మాట కూడా చెప్పాలి. చిలుకూరి నారాయణరావు గారు ఖురానుని తెలుగు చేశారు. ఆయన మా మతం వాడు కాదు, మా పుస్తకాన్ని మీ భాషలోకి తెచ్చిన పండితుడు. ఆయన చేసిన పనిని మేం గౌరవిస్తాం. ఆయన పుస్తకానికి 297 వెయ్యండి, అది న్యాయం. అటు వెళ్ళినాయన్ని పండితుడన్నారు, ఇటు వచ్చినాయన్ని వేరే గదిలో పెట్టారు. ఇదెక్కడి లెక్క?

ఇదంతా చిన్న విషయం అంటారు కొందరు మిత్రులు. అభ్యుదయ మిత్రులు కూడా అంటారు. తలలు తెగుతున్న దేశంలో లైబ్రరీ కార్డు ఒక సమస్యా అని. వాళ్ళకి కొంచెం వెనక చరిత్ర గుర్తు చేస్తాను. 1901లో హైదరాబాదులో తెలుగువాళ్ళు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకున్నారు. ఎందుకు పెట్టుకున్నారు? నిజాం రాజ్యంలో కచేరీలో, బడిలో తమ భాషకి చోటు లేదని. తన ఊళ్ళో తనే పరాయివాడిగా నిలబడాల్సి వచ్చిందని. ఆ అవమానం మీద ఎన్ని పుస్తకాలు రాశారు, ఎన్ని ఉపన్యాసాలిచ్చారు! అవి చదివే మేం పెద్దవాళ్ళమయ్యాం. అవమానం అంటే ఏమిటో మీ పుస్తకాల్లోనే నేర్చుకున్నాం. మీకైతే చరిత్ర, మాకైతే చిన్న విషయమా?

గ్రంథాలయోద్యమం మనదే. మన అంటున్నాను, గమనించండి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఊరూరా తిరిగారు. పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవల్లో పుస్తకాలు పంపించారు. ఆ పడవ రేవుకొచ్చి ఆగినప్పుడు గట్టు మీద ఎవరెవరు నిలబడ్డారు, ఎవరికి పుస్తకం చేతికిచ్చారు, ఎవరికి దూరం నుంచి చూపించారు, ఆ చరిత్ర ఎవరైనా రాస్తే చదవాలని ఉంది. మద్రాసులో రంగనాథన్ గారు 1931లో ఐదు సూత్రాలు రాశారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం ఉండాలి, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలి, పాఠకుడి కాలం వృథా చెయ్యకూడదు, ఇలాగ. పరీక్షకి ఇవి బట్టీపట్టి పాసైనవాళ్ళే బల్ల వెనక కూర్చుంటారు. పాఠకుడు అన్న మాటకి గడ్డం ఉండొచ్చనీ, బురఖా ఉండొచ్చనీ, ఒంటికి చేపల వాసన ఉండొచ్చనీ ఆ పరీక్షలో రాయాల్సిన పని లేదు కాబోలు.

చేపల వాసన ఊరికే అనలేదు. ఒకసారి నా పక్కన వేటకెళ్ళే ఇంటి కుర్రాడు నిలబడ్డాడు. చేతులు కడుక్కురమ్మన్నారు. కడుక్కొచ్చాడు. మళ్ళీ కడుక్కురమ్మన్నారు. వాడు మళ్ళీ రాలేదు. మమ్మల్ని మర్యాదగా ఆపుతారు, వాళ్ళని మర్యాద లేకుండా ఆపుతారు. తేడా అంతే.

డబ్బు సంగతికొద్దాం. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. రూపాయికి ఎనిమిది పైసలు. మసీదు వెనక ఇంటికీ ఎనిమిదే, రామాలయం ముందు ఇంటికీ ఎనిమిదే. వసూలుకొచ్చినాయన "మీకు ఉర్దూ సెస్సు లేదండీ" అని వదిలేసి పోడు. పంచాయతీలూ మునిసిపాలిటీలూ ఆ సెస్సుని సంస్థకి జమ చెయ్యకుండా బకాయి పెడతాయన్నది పత్రికల్లో తరచూ వచ్చే వార్తే. దాంతో కొత్త పుస్తకాలు రావు, ఖాళీ ఉద్యోగాలు నిండవు. చాలా శాఖల్లో ఒకే మనిషి తాళం తీసి, ఊడ్చి, పేపర్లు పరిచి, రిజిస్టరు రాస్తాడు. ఆ మనిషి కష్టం నాకు తెలుసు. అందుకని ఆయన తప్పేం లేదు, వ్యవస్థది అని నా చేత అనిపించాలని చూస్తారు. అనను. నాకు వ్యవస్థ ఎక్కడా కనబడలేదు. బల్ల వెనక ఆయన ఒక్కడే కనబడ్డాడు. మాకు ప్రభుత్వం అంటే ఆయనే.

హామీ సంతకం కథ ఇంకోటి. కార్డు కావాలంటే ఇంటి పన్ను కట్టే పెద్దమనిషి ఎవరైనా సంతకం చెయ్యాలన్నారు. మా చాచా కడతాడని చెప్పాను. రసీదు తెమ్మన్నారు. ఉప్పాడ సంగతి తెలిసినవాళ్ళకి మిగతాది చెప్పక్కర్లేదు. సముద్రం ఏటేటా ఊరిని కొరుక్కు తింటోంది. ఒడ్డున రాళ్ళు పోశారు, ఇసక నింపిన గొట్టాలు పరిచారు, కాకినాడ రోడ్డు ఎన్నిసార్లు కొట్టుకుపోయిందో, ఎన్నిసార్లు వేశారో. చాచా పన్ను కట్టిన ఇల్లు నీళ్ళ కింద ఉంది. రసీదూ ఇంటితోనే పోయింది. "వేరే ఎవరైనా తెలిసిన పెద్దవాళ్ళు లేరా" అన్నారు. పెద్దవాళ్ళు అంటే ఎవరో మాకు అర్థమైంది. నా కంటే వెనకొచ్చిన కుర్రాడికి ఏ సంతకమూ అడక్కుండా "మీ నాన్నగారు బాగున్నారా" అని కార్డు రాసిచ్చారు. పలకరింపే వాడికి జామీను.

ఇక శుక్రవారం. నేనెరిగిన శాఖా గ్రంథాలయాలన్నిటికీ వారం సెలవు శుక్రవారమే. "మీ రోజే కదండీ" అని నవ్వుతారు, మా మీద దయతో పెట్టినట్టు. మిషను కుట్టేవాడు, సైకిలు రిపేరు చేసేవాడు, దూదేకేవాడు, మావాళ్ళలో ఎక్కువమంది అలాంటి పనులవాళ్ళే. వారంలో షాపు కట్టేసేది శుక్రవారం మధ్యాహ్నమే. జుమా నమాజు అయ్యాక సాయంత్రం దాకా ఖాళీ. ఆ ఒక్క పూట గ్రంథాలయానికి తాళం. మిగతా రోజుల్లో పొద్దున్న మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరిస్తే, ఆ వేళల్లో మా వాళ్ళు మిషను మీద ఉంటారు, మా ఆడవాళ్ళు పొయ్యి దగ్గర ఉంటారు. తర్వాత ఒక సభలో మైకు పట్టుకుని ఎవరో అంటారు: ముస్లింలలో చదివే అలవాటు తక్కువండీ.

అలవాటు తక్కువైతే ఇన్ని పుస్తకాలు ఎవరు రాశారు? ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. 'జల్‌జలా' 1998లో వచ్చింది. ఖదీర్ బాబు దర్గామిట్ట కథలు నవ్వుతూ ఏడుస్తూ ఇంటింటా చదివారు. తెలుగు కవిత్వమూ కథా ఎక్కడెక్కడ మలుపు తిరిగాయో చెప్పేవాళ్ళు వీటిని వదిలేసి చెప్పలేరు. నేను చూసిన నాలుగు చోట్లలో మూడు చోట్ల వీటిలో ఒక్కటీ లేదు. నాలుగో చోట ఒకటి ఉంది, రచయిత ఎవరో ఉచితంగా ఇచ్చినది. పేజీలు కొయ్యకుండా అలాగే ఉన్నాయి. అడిగేవాళ్ళు లేరండీ, అందుకని తెప్పించం అన్నారు. అడిగేవాళ్ళని బల్ల దగ్గరే తిప్పి పంపేశాక ఎవరడుగుతారు?

మేం అడిగేది పెద్దదేం కాదు. సెలవు ఇంకో రోజుకి మార్చండి. ఇల్లు సముద్రంలో కలిసినవాడిని పన్ను రసీదు అడక్కండి, రేషను కార్డు చూసి కార్డివ్వండి. పుస్తకాల ఎంపిక కమిటీలో మా ఊళ్ళ పాఠకుల్లోంచి ఒకరిని కూర్చోబెట్టండి, మా వాళ్ళనీ, వేటకెళ్ళేవాళ్ళనీ, మగ్గం నేసేవాళ్ళనీ వంతులవారీగా. ఉమర్ అలీషా వీపు మీద 297 చెరిపి 894.827 రాయండి. దానికి జీవో అక్కర్లేదు, బడ్జెట్టు అక్కర్లేదు. రబ్బరు నేను తెస్తాను.

ఆ గ్రంథాలయంలో సూచనల పుస్తకం ఉందేమో అని అడిగాను. ఉంది, బీరువాలో ఉంది, తాళం చెవి సెలవులో ఉన్నాయన దగ్గరుంది అన్నారు. ఆయన ఎప్పుడొస్తారంటే, శుక్రవారం అయ్యాక రమ్మన్నారు.