పిల్లి కాఫీ తాగితే సాహసమా?

బాలి వెళ్ళొచ్చిన ప్రతివాడూ ఆఫీసులో ముందు చెప్పేది లువాక్ కాఫీ గురించే. గుళ్ళూ కాదు, వరిమళ్ళూ కాదు.. "పిల్లి పెంటలోంచి తీసిన కాఫీ తాగాం మామా" అని. మొన్న నేనూ అదే చెప్పాను కాబట్టి, ముందు నన్ను నేను తిట్టుకుని మొదలుపెడతా.

తెలియని వాళ్ళ కోసం: లువాక్ అంటే మన పునుగు పిల్లికి దగ్గరి చుట్టం. రాత్రిళ్ళు తిరిగే జంతువు. అడవిలో రకరకాల పళ్ళతో పాటు బాగా పండిన కాఫీ పళ్ళూ తింటుంది. గుజ్జు అరుగుతుంది, గింజ అరగదు. ఆ గింజల్ని ఏరి, కడిగి, వేయిస్తారు. ఇంతవరకూ బానే ఉంది. కానీ అడవిలో ఏరినవి టూరు వ్యాన్లలో దిగే మనందరికీ ఎక్కడ సరిపోతాయి? అందుకే పిల్లుల్ని పట్టుకొచ్చి బోనుల్లో పెట్టారు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులూ, వరల్డ్ ఏనిమల్ ప్రొటెక్షన్ వాళ్ళూ బాలిలో 16 తోటలు చూసి 2016లో రాశారు: కాళ్ళు ఒరుసుకుపోయే ఇనప తీగల నేల, కొన్నిచోట్ల తాగడానికి మంచినీళ్ళు కూడా లేవు, ఎక్కువగా కాఫీ పళ్ళే తిండి.

మేం వెళ్ళిన తోటలో మధ్యాహ్నం ఒంటిగంటకి ఒకటి ముడుచుకుని పడుకుంది. ఫోటో కోసం గైడు బోను తట్టి లేపాడు. మేం నవ్వాం. కప్పు 50 వేల రుపియా. రుచి? మా అమ్మ ఫిల్టర్ కాఫీ ముందు దిగదుడుపే.

టోనీ వైల్డ్ అనే కాఫీ వ్యాపారి 1991లో దీన్ని ఇంగ్లండుకి పరిచయం చేశాడు. 2013లో ఆయనే తాగొద్దని ప్రచారం మొదలుపెట్టాడు. అమ్మినవాడికే సిగ్గేసింది, మనకి వెయ్యదేం?

"మాది బోనులోది కాదు, అడవిలోదే" అంటారు అమ్మేవాళ్ళు. కప్పులో చూసి అది తేల్చుకునే దారి మనకుందా? "మరి కోళ్ళని బోనుల్లో పెట్టట్లేదా?" అన్నాడొక మిత్రుడు. నిజమే, ఆ దెబ్బ నాకు తగిలింది, చికెన్ మానలేదు. అంతమాత్రాన ఇది ఒప్పైపోదు. కోడి ఆకలికి, ఇది ఫేస్‌బుక్కుకి.

నాకు అసలు మండింది ఇంకోచోట. అదే రోజు భోజనానికి రోడ్డుపక్క చిన్న హోటల్లో ఆగాం. టెంపె పెట్టారు. ఉడికించిన సోయా గింజలకి బూజు పట్టించి, ఒకటి రెండు రోజులు మగ్గబెడితే గట్టి దిమ్మలా అవుతుంది. వేయించి ఇచ్చారు. అద్భుతం! మావాళ్ళు "బూజా? యాక్" అన్నారు. రాత్రంతా పులిసిన పిండితో దోసెలు తినే జనం! పక్కనే లేత పనసకాయతో చేసిన లావర్ ఉంది, కొబ్బరి కోరు వేసి. మన పనసపొట్టు కూరకి అన్నదమ్ముడే. దాన్నీ ముట్టుకోలేదు. కొన్ని లావర్లలో పచ్చి నెత్తురు కలుపుతారని విని, రోజూ నల్ల వేపుడు గురించి గొప్పలు చెప్పేవాడు కూడా మొహం తిప్పుకున్నాడు. అరగంట కారులో వెళ్ళి ఇండియన్ రెస్టారెంట్లో పనీర్ బటర్ మసాలా తిన్నారు.

ఊళ్ళో వాళ్ళు రోజూ తినేది వీళ్ళకి అసహ్యం, టూరిస్టుల కోసం పిల్లిని హింసించి చేసింది సాహసం. ఆ హోటల్లో వాళ్ళు తాగే కాఫీ ఏంటో తెలుసా? గ్లాసులో పొడీ పంచదారా వేసి వేడినీళ్ళు పోస్తారు, మడ్డి అడుక్కి దిగాక తాగుతారు. అంతే :)

వచ్చే నెల మా టీములో ఇంకో ఇద్దరు వెళ్తున్నారు. వాళ్ళ లిస్టులో రెండోది లువాక్ కాఫీ. కొట్టెయ్యమన్నాను. "నువ్వు తాగావుగా?" అన్నారు.

తాగాను.