గుంత అని అరవండి

డిసెంబరులో హైదరాబాద్‌కి ఆరు కాకుండానే పొద్దు గూకుతుంది. ఆఫీసులు వదిలి, నార్సింగి దగ్గర పదిమందీ జమయ్యేసరికి చీకటి పడనే పడుతుంది. అయినా మా సైకిల్ క్లబ్బులో చలికాలం సాయంత్రం రైడ్‌కి రద్దీ తగ్గదు. చలి అంటారా, పదిహేడో పద్దెనిమిదో డిగ్రీలు. బెల్జియం వాళ్లు వింటే నవ్వుతారు. మనవాళ్లు మాత్రం హెల్మెట్ కింద మంకీక్యాప్ బిగించి మరీ వస్తారు. గండిపేట వైపు దిగుడులో చెరువు గాలి చెవుల్లో దూరినప్పుడు, పెట్టుకోనివాడికి తెలుస్తుంది దాని విలువ.

ఈ రైడ్ ఎందుకన్న దగ్గరే నాకు పేచీ. చాలామందికి ఇది సగటు వేగం పెంచుకునే పూట. ఇంటికెళ్లి స్ట్రావా యాప్‌లో అంకె చూసుకుంటే గాని నిద్ర పట్టదు. వేగమే కావాలంటే హాల్లో సైకిల్ ట్రైనర్ మీదెక్కి తొక్కుకోవచ్చు, అక్కడ కుక్కలూ తరమవు. చీకట్లో కలిసి రోడ్డెక్కేది వెనకవాడి బదులు ముందువాడు రోడ్డు చూడటం నేర్చుకోవడానికి.

గంటకు 30 కిలోమీటర్ల వేగంలో మన కష్టంలో సింహభాగం గాలిని చీల్చడానికే పోతుంది. పైగా చలిగాలి చిక్కన. మే నెల 40 డిగ్రీల గాలికంటే 15 డిగ్రీల గాలి సుమారు 9 శాతం బరువు. ఎండాకాలం వచ్చిన స్పీడు ఇప్పుడు రావట్లేదని కాళ్లను తిట్టుకునేవాళ్లు కాస్త ఊరుకోవచ్చు. అందుకే అందరూ ముందువాడి చక్రాన్ని అంటిపెట్టుకుంటారు. అలా వెళ్తే పావు వంతు శ్రమైనా మిగులుతుంది. కాకపోతే వెనకవాడికి రోడ్డు కనపడదు. కనపడేదల్లా ముందువాడి నడుము, సీటు కింద ఎర్ర లైటు.

పగలైతే చెయ్యి కిందికి చాపి గుంత చూపిస్తాం. చీకట్లో ఆ చెయ్యి ఎవరికి కనపడుతుంది? నోరే గతి. 30 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఎనిమిది మీటర్ల పైమాటే. వరసలో పదిమంది ఉంటే చివరివాడు ఇరవై మీటర్లు వెనక ఉంటాడు. అంటే ముందువాడు తప్పించుకున్న గుంత మూడు సెకన్లలోపే చివరివాడి చక్రం కిందికి వచ్చేస్తుంది. ఈలోగా ‘గుంత, ఎడమ’ అన్న కేక అన్ని నోళ్లూ దాటి అతనికి అందాలి. మధ్యలో ఒక్కడు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా, ఒక్కడికి ఆయాసంతో మాట పెగలకపోయినా కేక అక్కడే చచ్చిపోతుంది. అరవలేనంత వేగం ఆ రోడ్డుకి ఎక్కువే. మా గుంపులో భాషాభేదం లేదు, గుంతా, గడ్డా, బ్రేకర్, కార్ బ్యాక్ అన్నీ చెల్లుతాయి. ఇసుకకి మాత్రం రెండుసార్లు అరవమంటాను. కోకాపేట మలుపుల్లో లారీలు రాల్చిన ఇసుక మీద సన్న టైరు జారిందంటే బ్రేకు వేసే వ్యవధి కూడా ఉండదు.

లైట్ల సంగతి వేరే. వెనక లైటుని మిణుకుమిణుకుమనేట్టు పెట్టుకోవడం అందరికీ అలవాటైంది. జర్మనీలో సైకిలుకు అలాంటి లైటు నిషిద్ధం. బ్రిటన్ 2005లో అనుమతించింది. వరసలో చివరివాడిది మిణుకుమంటే కారువాడికి మేలు. మధ్యలోవాడిది మిణుకుమంటే వెనకవాడికి కళ్లు బైర్లు కమ్మి, ముందువాడి చక్రం ఎంత దూరంలో ఉందో అంచనా తప్పుతుంది. చివరివాడికి తప్ప అందరికీ నిలకడ లైటే ఉండాలి. ఇక సర్వీసు రోడ్డులో ఏ లైటూ లేకుండా రాంగ్‌సైడులో ఎదురొచ్చే వాచ్‌మన్ సైకిలు సరేసరి. డైనమో టైరుకి రాసుకుంటూ గుయ్యిమనే కాలంలో లైటు లేకపోతే పోలీసు గాలి తీసేసేవాడు, ఇప్పుడు అడిగే నాథుడు లేడు.

ఇదంతా పట్టింపుగా చెప్పడానికి కారణం బ్రెవేలు. ఈ సుదూర రైడ్లకి మన దగ్గర గిరాకీ చలికాలంలోనే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కి 20 గంటలు, 400కి 27 గంటలు గడువు. పొద్దున ఆరింటికి బయల్దేరినా 300 తొక్కేవాడి గడువు అర్ధరాత్రి దాటాక రెండింటిదాకా ఉంటుంది. రాత్రిపూట లైట్లూ, వెలుగు పడితే మెరిసే జాకెట్టూ లేనిదే ఒప్పుకోరు. అయితే జాకెట్టు దారి చూపించదు. కోతలయ్యాక పల్లె రోడ్ల మీద సగం దారి వడ్లే ఉంటాయి. నల్ల టార్పాలిన్ కప్పి, అది ఎగిరిపోకుండా చుట్టూ బండరాళ్లు పేరుస్తారు. తారు నలుపూ టార్పాలిన్ నలుపూ ఒక్కటే, ఆ రాళ్లు లైటులో కనపడేసరికే మీదికి వచ్చేస్తాయి. రైతును తప్పుపట్టలేం, అతనికి వేరే కళ్లం ఏది?

2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మంచిదే. కొత్తవాళ్లను మొదట అక్కడే తిప్పాలి. కానీ అడ్డంకి లేని చోట కేక అలవాటు కాదు. చలికాలంలో వారానికి ఒక సాయంత్రమైనా గుంపు మామూలు రోడ్డెక్కాలి, వేగం ఇరవై రెండు ఇరవై మూడు దాటకుండా.

క్లబ్బుల్లో ముందుండే పని బలమైనవాడికి ఇస్తారు. నన్నడిగితే కొత్తవాణ్ణి ఐదేసి నిమిషాలు ముందు పెట్టి, బలమైనవాణ్ణి తోకకి పంపాలి. ట్రైనింగ్ పోతుందని వాళ్లు గొణుగుతారు. పోదు. ప్రతి మలుపులో గుంపు సాగుతుంది, ముందువాళ్లు తేరుకుని వేగం అందుకునేసరికి తోకవాడు నిలబడి తొక్కితే గాని అందుకోలేడు. గండిపేట దారిలో మలుపులకేం కొదవ లేదు, దాచుకున్న వాట్లన్నీ అక్కడ ఖర్చు పెట్టుకోవచ్చు.